తిరిగొచ్చిన సామాను

మామగారు పోయిన రెండో వారంలో ఎవరో ఒక బెడ్‌పాన్ తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయారు. కడగకుండా తిరిగిచ్చేవాళ్ళు ఎప్పుడూ బెల్లు కొట్టరు. రబ్బరు తొడుగులు వేసుకుని పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాను. ముందు మామూలు నీళ్ళు, తర్వాత సబ్బు, ఆ తర్వాత బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళలో అరగంట నానాలి, ఆపైన ఎండ. ఇరవై ఆరేళ్ళ అలవాటు కాబట్టి చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, బుర్రకి బోలెడంత తీరిక. ఆ తీరికలో పొద్దున మా ఆయన అన్న మాటే తిరుగుతోంది. "ఆదివారం సంస్మరణ సభ. నాన్న గురించి రెండు పేజీలు రాసిపెట్టు, నేను చదువుతాను."

రాయడం నేను, చదవడం వాళ్ళు. అది మా ఇంటి ఆనవాయితీ. కాలనీ సంఘం సభల్లో మామగారు ఎప్పుడు మాట్లాడినా కాగితం నాదే. వేదిక ఎక్కి కళ్ళజోడు సర్దుకుని అప్పుడే దాన్ని మొదటిసారి చూసేవారు. "మా కోడలు రాసిందంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అనేవారు అందరితో. మునగచెట్టు ఎక్కడం నాకు అప్పట్లో బాగా చేతనయ్యేది, పొంగిపోయి ఇంకా బాగా రాసేదాన్ని. తండ్రి గుణాల్లో ఈ ఒక్కటీ మా ఆయనకి అచ్చుగుద్దినట్టు వచ్చింది.

మామగారు మంచివారు. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే కసి కొద్దీ మాట్లాడుతున్నాననుకుంటారు. తపాలా ఆఫీసు జీతంతో ఇద్దరు తమ్ముళ్ళని చదివించారు. రిటైరైన ఏడాది, కాలు విరిగిన స్నేహితుడు చక్రాల కుర్చీ దొరక్క నెల రోజులు మంచానికి అతుక్కుపోవడం చూసి, తన డబ్బుతో ఒక కుర్చీ కొన్నారు. ఆ స్నేహితుడి వాడకం అయ్యాక అది ఇంకొకరికి వెళ్ళింది. తర్వాత చంకకర్రలు, వాకర్లు, గాలి పరుపులు, బెడ్‌పాన్లు వచ్చి మా ముందు గది నిండిపోయింది. ఎవరొచ్చినా కాదనలేదు, పైసా పుచ్చుకోలేదు. ఇచ్చేటప్పుడు ఆయనే గుమ్మంలో నిలబడేవారు, వాళ్ళు ఆయన చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ఆ వస్తువే మూడు నెలలకి మరకలతో వాసనతో తిరిగొచ్చే వేళకి ఆయన నడకకి వెళ్ళి ఉండేవారు. కావాలని కాదు. ఒకరి దగ్గర్నించి వచ్చింది ఇంకొకరికి వెళ్ళేలోపు మధ్యలో ఎవరో కడగాలన్న సంగతి ఆయన ఊహకే అందలేదు. సొమ్మొకడిది సోకొకడిది అనడానికి లేదు, సొమ్ము ఆయనదే. చాకిరీ మాత్రం నాది.

కాపురానికొచ్చిన మొదటి నెలలోనే అత్తగారు నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు. "నాలుగేళ్ళు నేను కడిగాను. ఇక నీ వంతు" అన్నారు. అందులో కక్షేమీ లేదు, బరువు దించుకున్న తేలిక ఉంది, అంతే. నేను స్కూలు ఆఫీసులో ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికొస్తే గేటు దగ్గర సామాను నా కోసం కాచుకుని ఉండేది. పిల్లాడు కడుపులో ఉన్నప్పుడు ఆ వాసనకి వాంతులయ్యేవి. ఒక మనిషిని పెట్టుకుందామంటే మా ఆయన, "సేవని జీతానికి చేయిస్తామా ఎక్కడన్నా?" అన్నాడు. మరి ఆ సేవ ఎవరు చేస్తున్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివరి నాలుగు నెలలూ మామగారు మంచాన పడ్డారు. ఆ ముందు గదిలోంచే ఒక బెడ్‌పాన్ తెచ్చాం. మొదటి రోజు దాన్ని కడిగి తుడిచి తెచ్చేసరికి ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నారు.

"అన్నీ ఇలాగే కడిగేదానివా అమ్మా?"

"ఇలాగే మామయ్యగారూ."

గోడవైపే చూస్తూ, "నేను ఒక్కటి కూడా కడగలేదు" అన్నారు. నాకు ఆయన మీద జాలేసింది, ప్రేమ పొంగింది, దాంతోపాటే ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళు పట్టింది ఆ మాటకి, అదీ తను ఆ మంచం ఎక్కాక. మా ఆయనకి చెబితే, "ముసలితనంలో ఏదో అంటారులే" అని కొట్టిపారేశాడు.

శనివారం పొద్దున సంఘం కార్యదర్శిగారు వచ్చారు. "ఈ సేవ ఆగకూడదండీ. సంఘం ఆఫీసులో ఒక గది ఖాళీగానే ఉంది గానీ, అక్కడ చూసుకునే మనిషేరి? ఇక్కడైతే మీరున్నారు." అని నవ్వారు. "పై నెలలో కోడలు కూడా వస్తోందిగా, మీకు చేతికింద సాయం." మా ఆయన కూడా హాయిగా నవ్వాడు. మొన్న మా అబ్బాయి చేసుకోబోయే ఆ పిల్ల ఇంటికొచ్చినప్పుడు వాకర్ల మధ్య నిలబడి, "ఇవన్నీ ఎవరు శుభ్రం చేస్తారు అత్తయ్యా?" అని అడిగింది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి తనే. ఆ పిల్లని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి ఇక నీ వంతు అనే నోరు నాకు లేదు.

మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నాను. మామగారి మంచితనంలో ఒక్క ముక్క తగ్గించలేదు. రెండు పేజీలన్నది మూడయ్యాయి. మడిచి ఇస్తే మా ఆయన జేబులో పెట్టుకున్నాడు. "ఒకసారి చూసుకోండి" అన్నాను. న్యాయంగా చెప్పాలంటే రెండుసార్లు అన్నాను.

"నువ్వు రాసినదాంట్లో చూసేదేముంది?" అన్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మా ఆయనది మంచి గొంతు. తమ్ముళ్ళ చదువులు, తపాలా ఆఫీసు, మొదటి చక్రాల కుర్చీ, అన్నీ నిదానంగా చదివాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అవి నా మాటలే అయినా నేనూ తుడుచుకున్నాను. పేజీ తిప్పి అదే గొంతుతో సాగిపోయాడు.

"ఆయన ఇచ్చిన ప్రతి వస్తువునీ తిరిగొచ్చాక ఒకరు కడిగారు. మొదట నాలుగేళ్ళు ఆయన భార్య. తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆయన కోడలు. తను ఒక్కటి కూడా కడగలేదని చివరి రోజుల్లో ఆయనే బాధపడ్డారు. ఆ బాధ తీరాలంటే ఈ సేవ ఇకముందు ఇంకోలా సాగాలి. రేపటి నుంచి సామానంతా సంఘం ఆఫీసు గదిలో ఉంటుంది. ఆయన కోడలు ఇక కడగదు. రాబోయే కోడలూ కడగదు. కడగడానికి మొదటి వారం ఆయన కొడుకు, రెండో వారం కార్యదర్శిగారు..."

అక్కడ గొంతు ఆగింది. వెనక వరుసల్లో ఎవరో ఆడమనిషి నవ్వు ఆపుకోలేక దగ్గింది. మా ఆయన కాగితం మీంచి తలెత్తి నా కోసం వెతికాడు. నేను ఎదురుగా మొదటి వరుసలోనే ఉన్నాను.

"చదవండి" అన్నాను. "పన్నెండు వారాలకి పేర్లు రాశాను."