ఆవిడతో లావాదేవీ

అద్దాలు సప్లై చేసే ఆయన కౌంటర్ ముందు నిలబడి ఉండగా ఆ సంగతి బయటపడింది. కళ్ళజోళ్ళావిడ ఫోన్లో డబ్బు పంపింది, పోలేదు. మళ్ళీ పంపింది. ఖాతా మూసివేశామని తెర మీద ఒక్క ముక్క కనబడింది.

"సిగ్నల్ లేదేమోనమ్మా," అన్నాడాయన మర్యాదకి.

సిగ్నల్ నిక్షేపంగా ఉంది.

భర్త పోయాక ఆ షాపుని ఆవిడ ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. ఆ వీధిలో సగం ముక్కుల మీద ఉన్నవి ఆవిడ బిగించిన ఫ్రేములే. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది, అందరికీ ఆవిడ కళ్ళజోళ్ళావిడే.

షాపుకి తాళమేసి నేరుగా బ్యాంకుకి వెళ్ళింది. అక్కడి ఆఫీసరు కొత్తవాడేం కాదు, ఆయన పెట్టుకున్న జోడు కూడా ఈవిడ చేసిచ్చిందే. ఆయన కంప్యూటర్లో చూశాడు. జోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"షాపు ఖాతా, మీ సొంత ఖాతా, రెండూ మూసేశారమ్మా."

"ఎవరు?"

"పైవాళ్ళు."

"ఎందుకు?"

"చెప్పే అధికారం నాకు లేదు. నిజానికి నాకూ తెలీదు."

"నేనేం తప్పు చేశాను సార్?"

"చేశారని ఎవరూ అనలేదు." ఆయన నీళ్ళు నమిలాడు. "చేయలేదనీ అనలేదు."

ఉన్న సొమ్ము చెక్కు రూపంలో ఇంటికొస్తుందన్నాడు. ఆ చెక్కు వేసుకోవడానికైనా ఒక ఖాతా ఉండాలి కదా అని ఆవిడ అడిగింది. ఆయన తుడిచిన జోడునే మళ్ళీ తుడిచాడు.

పక్కవీధి బ్యాంకులో ఒకమ్మాయి నవ్వుతూ కుర్చీ చూపించింది. వివరాలన్నీ కొట్టింది. ఏం కనబడిందో ఏమో, ఆ నవ్వు ముఖం మీంచి జారిపోయింది. "కుదరదు మేడమ్," అని కాగితాలు వేలికొసలతో వెనక్కి తోసింది. ఇంకో బ్యాంకులోనూ అదే తంతు.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. అతనికి సామాన్లు చేరవేసే వ్యాన్ ఉంది.

"దీనికింత బెంగేంటక్కా. నా అకౌంట్లో వేయించుకో. నీదీ నాదీ వేరా?"

ఆ మాటతో ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. వచ్చినవాళ్ళందరికీ తమ్ముడి నంబరే ఇచ్చింది.

నెల తిరక్కుండానే తమ్ముడి ఖాతా కూడా మూతపడింది.

ఆ సాయంత్రం తమ్ముడూ మరదలూ వచ్చారు. అరుస్తారేమో, తిడతారేమో అనుకుంది. ఇద్దరూ గొంతు పెంచలేదు. దానికే ఆవిడకి ఎక్కువ భయమేసింది. తమ్ముడు కుర్చీ అంచున కూర్చున్నాడు. మరదలు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"వ్యాన్ వాయిదా కట్టలేకపోయామక్కా. మళ్ళీ తెరుస్తామంటున్నారు, కానీ..." అన్నాడు తమ్ముడు.

మిగతాది మరదలు చెప్పింది. "మీతో సంబంధం లేదని బ్యాంకువాళ్ళు రాసివ్వమన్నారు వదినా. డబ్బు సంబంధం గురించేమో అనుకున్నాం. అడిగితే, ఏ సంబంధమూ అన్నారు."

వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆవిడ.

"రాసిచ్చెయ్ రా."

"ఇచ్చేశానక్కా," అన్నాడు తల వంచుకుని.

వాళ్ళు వెళ్తుంటే ఆవిడ గుమ్మం దాకా వెళ్ళలేదు. ఎవరైనా చూస్తే వాడికే ముప్పని అప్పటికప్పుడు తట్టింది. అలా తట్టినందుకు ఒళ్ళు జలదరించింది.

ఆ తర్వాత నగదు ఇచ్చేవాళ్ళకే జోళ్ళు చేసింది. తమ్ముడి వ్యాన్ షాపు ముందు నుంచే పోయేది. హారన్ కొట్టేవాడు కాదు. కొన్నాళ్ళకి ఆ వీధిలోంచి పోవడమే మానేసింది.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చి కళ్ళు పరీక్ష చేయించుకుంది. ఫ్రేము నచ్చి, అద్దంలో రెండుసార్లు చూసుకుని మురిసిపోయింది. డబ్బు దగ్గరికొచ్చేసరికి ఫోన్ తీసింది.

"నగదే తీసుకుంటానండీ."

వచ్చినావిడ చెయ్యి ఆగింది. "మీరేనా..." అని మాట మింగేసి, ఫ్రేముని మెల్లగా కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఎదురు షాపు టైలరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మిషన్ ఆపి రోడ్డు దాటి వచ్చాడు. పాతికేళ్ళ ఇరుగుపొరుగు, రోజూ జోకులేసే మనిషి. ఆ రోజు వెయ్యలేదు.

"అమ్మా, పొద్దున మీ దగ్గర చిల్లర తీసుకున్నాను. దానివల్ల ఏం కాదుగా?"

చిల్లరకి ఏమవుతుందయ్యా అనబోయింది.

"తెలీదు," అంది.

అతను జేబులోంచి చిల్లర తీశాడు. ఆవిడ చెయ్యి చాచింది. అతను ఆ చేతిని చూసి, నాణేలని కౌంటర్ అంచున పెట్టి, వెనక్కి చూడకుండా రోడ్డు దాటాడు.