జిగురు పెట్టకముందు

ఆమె అన్నయ్యకు కొలతంటే టేపు కాదు, మనిషి. వంటగట్టు ఎంత ఎత్తుండాలో తేల్చాలంటే దాని ముందు నిలబడబోయే మనిషి మోచెయ్యి చూడాలి. దానికి బెత్తెడు కిందుగా చెక్క రావాలి. నలభై ఏళ్లుగా ఎవరింట పని పట్టినా ఆ వడ్రంగి పద్ధతి అదే. ఇప్పుడు వంటింటి నడుమ, నాలుగు వైపుల నుంచీ చెయ్యి ఆనేలా చెక్క గట్టు కట్టేది సొంత చెల్లెలికి. చెల్లెలు చక్రాల కుర్చీలో ఉంది. అందుకని మేనకోడలిని నిలబెట్టాడు.

"తల్లీకూతుళ్లిద్దరూ ఒకటే ఎత్తు. కదలకు. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకో."

"ఫొటో తీయించుకునేటప్పుడు కూడా ఇంత బిగుసుకోలేదు మావయ్యా!"

పోస్టాఫీసులో పనిచేసే ఆ పిల్ల నవ్వింది. తల్లి నవ్వలేదు. తన ఎత్తు తనకు నాలుగడుగుల దూరంలో, రెండు పాదాల మీద నిలబడి ఉంది.

ఆమె మెట్ల మీంచి పడి ఏడు నెలలైంది. ఆరు వారాల కిందట ఆసుపత్రిలో భర్త మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు, డాక్టరు గొంతు తగ్గించి చెప్పాడు, ఇక నడక మీద ఆశ పెట్టుకోవద్దని. భర్త ఆయాసపడుతూ వచ్చి "ఏమన్నాడు?" అని అడిగితే, "టైం పడుతుందన్నాడు" అంది. అంతే అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లు మళ్లీ ఊపిరి పీల్చుకుంది. "నువ్వు లేచేసరికి వంటిల్లు సిద్ధంగా ఉండాలి" అంటూ అతను ఆ సాయంత్రమే ఆమె అన్నయ్యకి ఫోన్ చేశాడు.

బస్సు నడిపే మనిషి, చెక్కపని ఎరగడు. అయినా సెలవు పెట్టి మరీ ఉలి పట్టాడు.

"బావా, అది స్టీరింగు కాదు. పక్కకి తిప్పితే మలుపు తిరగదు, విరుగుతుంది," అన్నాడు అన్నయ్య.

"నువ్వు హారన్ కొట్టినట్టు అరవకపోతే నా చెయ్యి తిన్నగానే పోతుంది బావా!"

నాలుగు రోజుల్లో పలకలు నునుపు తేలాయి, కాళ్లు తేలాయి, కింద గిన్నెలకో అర తేలింది. ఆమె గుమ్మంలో కూర్చుని గరుకు కాగితం ముక్కలు చింపి అందించింది. ప్రతి ఉదయం చెప్పేద్దామనుకుంది. ప్రతి ఉదయం భర్త ఏదో పాట కూనిరాగం తీస్తూ రంపం అందుకునేవాడు. ఏడు నెలల తర్వాత విన్న ఆ రాగాన్ని తెంచడానికి ఆమెకు నోరు రాలేదు.

అయిదో రోజు అన్నయ్య జిగురు లేకుండానే అంతా బిగించి, ఒక పగలంతా అలా వదిలేశాడు.

"చెక్క చెప్పుకునేదేదైనా ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి. జిగురు పడ్డాక దాని మాట ఎవడూ వినడు."

సాయంత్రం అతను జిగురు డబ్బా మూత తీస్తుండగా, ఆమె కుర్చీని గట్టు దగ్గరికి నెట్టుకుంది. మోకాళ్లు కింది అరకు తగిలి ఆగాయి. గట్టు అంచు ఛాతీకి అడ్డుగా నిలిచింది. పలక మీద అరచేతులు పెట్టాలంటే బల్ల అందని పసిపిల్లలా భుజాలు ఎత్తాల్సి వచ్చింది.

"అన్నయ్యా, ఆగు. గట్టు కాళ్లు తగ్గించు. నా కుర్చీకి సరిపోయేలా."

"తగ్గిస్తే నువ్వు లేచాక వంగి వంగి నడుం పోతుందే," అన్నాడు భర్త.

"లేవను."

కుంచె జిగురులో మునిగి అక్కడే ఆగింది.

"డాక్టరు ఆ రోజే చెప్పాడు. నువ్వు మందులకి వెళ్లినప్పుడు."

"మరి నాతో అనలేదేం?"

"నీ మొహం చూశాక ఎలా అనను?"

భర్త తన చేతిలోని గుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచి పలక మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. కూతురు వెనకే వెళ్లబోయింది. "కాసేపు ఒంటరిగా ఉండనీ అమ్మా," అన్నాడు మేనమామ. కుంచె తుడిచి, డబ్బా మూత బిగించి, చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"కింది అర?"

"తీసెయ్. మోకాళ్లు దూరాలి."

"అయితే ఈసారి కొలత కింది నుంచి పైకి. నాకూ కొత్తే." చెల్లెలి మోకాలి మీద నాలుగు వేళ్లు పరిచాడు. "ఒక్కమాట అంటే పిల్లని నిలబెట్టకుండా నిన్నే కొలిచేవాణ్ణి కదే, పిచ్చిదానా!"

జిగురు లేని గట్టు ఏ అతుకూ చిట్లకుండా విడిపోయింది. కాళ్ల మీద కొత్త గీతలు పడేసరికి భర్త లోపలికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరి వైపూ చూడకుండా రంపం తీసుకున్నాడు.

"ఎంత?"

"జానెడుకి కాస్త తక్కువ. గీత దాటకు బావా," అన్నాడు వడ్రంగి, చాలా మెల్లగా.

ముక్కాలిపీట మీద పెట్టిన చెక్కకాలును ఆమె అటు చివర రెండు చేతులతో అదిమి పట్టింది. మొదటి కాలు తెగింది. రెండోదానికి రంపం ఆనించి భర్త ఆగాడు.

"డాక్టరు ఇంకా ఏమన్నాడు?"

"చాలా అన్నాడు."

"అన్నీ చెప్పు."

రంపం కదిలింది. ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచి, ఆమె మొదటినుంచీ చెప్పసాగింది.