దించని బరువు

పొద్దున్నే అయిదున్నరకి హాలు తలుపు తియ్యడం, ఫ్యాన్లు వెయ్యడం, ప్లేట్లని రంగులవారీగా గోడవారన సర్దడం, రాడ్లు తుడవడం. ఇరవై రెండేళ్ళుగా మామయ్య పని ఇదే. బరువులెత్తే పిల్లలు ఎత్తుతారు, దించుతారు, చప్పట్లు కొట్టించుకుని పోతారు. వాళ్ళడిగినన్ని కిలోలు రాడ్డుకి ఎక్కించి, ప్లేట్లు జారకుండా రెండు చివర్లా లాకులు బిగించేది మాత్రం మామయ్య. ఎర్ర ప్లేటు ఇరవై అయిదు, నీలంది ఇరవై, పసుప్పచ్చది పదిహేను. నిద్రలో లేపి అడిగినా తడుముకోడు.

అన్నీ తుడిచాక ఆఖరి రాడ్డుకి స్టూలు కావాలి. అది వేదిక మీద, గాల్లో ఉంటుంది. దేనికీ వేలాడదు, దేనిమీదా ఆనదు. నూట పన్నెండు కిలోలతో మూడేళ్ళుగా అక్కడే ఉంది. మొదటి వారం జనం వచ్చి చూసిపోయారు. ఆ తర్వాత ఎవరి పనులు వాళ్ళకున్నాయి. ఇప్పుడు పిల్లలు దానిమీద తువ్వాళ్ళు ఆరేసుకుంటారు, వానలప్పుడు మేజోళ్ళు కూడా. ఎలక్ట్రీషియను బల్బు మార్చాల్సివస్తే నిచ్చెన దానికే ఆనిస్తాడు. "ఈ హాల్లో కదలకుండా ఉండేది ఇదొక్కటే" అంటాడు.

దాన్ని అక్కడ వదిలి వెళ్ళింది బండక్క. దేశం మొత్తానికి ఛాంపియను. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉండేది గానీ, నలుగురు పిల్లలు కూర్చున్న బెంచీని వాళ్ళతో సహా ఎత్తి పక్కన పెట్టిన రోజునుంచి అందరికీ బండక్కే.

సంగతేమిటంటే, మామయ్య చెల్లెలి కూతురు ఆవిడ దగ్గరే నేర్చుకునేది. అప్పటికి పదిహేడేళ్ళ పిల్ల. మామయ్యే వేలు పట్టుకుని తీసుకొచ్చి చేర్చాడు. అది "మామయ్యా, మామయ్యా" అంటూ వెంట తిరుగుతుంటే విని హాలంతా అతన్ని మామయ్యని చేసేసింది. ఒకరోజు సాధనలో ఆ పిల్ల డెబ్బై కిలోలు తలపైకి ఎత్తగానే ఎడమ లాకు జారింది. ప్లేట్లు ఊడాయి, రాడ్డు ఒరిగింది, పిల్ల మోచెయ్యి విరిగింది.

ఆ లాకు మరలు అరిగిపోయాయని మామయ్య హాలు నడిపే సంఘం సెక్రటరీగారికి మూడుసార్లు చెప్పాడు. "కొత్తవి వచ్చేదాకా ఏదో ఒకటి చేసి నడిపించవయ్యా" అన్నాడాయన. మామయ్య సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కోసి, లాకు లోపల చుట్టి బిగించాడు. నాలుగు నెలలు అది జారకుండా నిలిచింది. నిలుస్తోంది కదా అని ఊరుకున్నాడు. నిజానికి అతని తప్పంతా ఆ ఊరుకోవడంలోనే ఉంది.

పిల్ల ఆస్పత్రిలో ఉండగానే సెక్రటరీగారు కాగితం రాయించాడు. లాకులు బాగున్నాయి, పిల్లే సరిగ్గా బిగించుకోలేదు, ఇంత అజాగ్రత్త మనిషిని ఇక వేదిక ఎక్కనివ్వకూడదు అని. "సంతకం పెట్టు. లేదంటే ట్యూబు ముక్క పెట్టినవాడివి నువ్వేగా, ఆలోచించుకో" అన్నాడు. మామయ్య పెట్టేశాడు.

నెల తిరక్కుండా అదే హాల్లో ఫైనల్ పోటీ. బండక్క ఆఖరి ప్రయత్నం, నూట పన్నెండు. రాడ్డు సర్దుతున్న మామయ్య పక్కకొచ్చి నెమ్మదిగా అంది.

"మామయ్యా, ఆ లాకే పెట్టు."

"ఏ లాకమ్మా?"

"నీకు తెలుసు."

"జారితే నీ ప్రాణానికే ముప్పు తల్లీ."

"జారితే అందరూ చూస్తారుగా. పెట్టు."

పెట్టాడు. బండక్క ఎత్తింది. దించమని గంట కొట్టారు. దించలేదు. ముందు వరసలో కూర్చున్న సెక్రటరీగారి వంక చూసి "ఆ పిల్ల తప్పేం లేదని చెప్పండి, దించుతాను" అంది. ఎంతసేపు మోస్తుందిలే అని నవ్వుకున్నారు. పది నిమిషాలు మోసింది. చెమట కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టింది. నవ్వులు ఆగిపోయాయి. ఆఖరికి సెక్రటరీగారే లేచి, "నీ ఆట అయిపోయింది, బయటికి నడు!" అని కేకేశాడు.

"సరే. నిజం చెప్పిననాడు వచ్చి దించుతాను" అని చేతులు తీసేసింది బండక్క. రాడ్డు కింద నుంచి తప్పుకుని, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. రాడ్డు ఉన్నచోటే ఉంది. గంట కొట్టినా దించలేదు కాబట్టి పతకం లేదన్నారు, ఇక జన్మలో పోటీకి రావద్దన్నారు. అప్పటినుంచి పిండిమిల్లులో బస్తాలు మోస్తోంది. ప్రతి ఒకటో తారీఖునా సంఘం ఆఫీసుకి కార్డు ముక్క వస్తుంది. దించడానికి సిద్ధంగా ఉన్నాను అని, కింద సంతకం, అంతే.

మేనకోడలి చెయ్యి అతుక్కుంది. మామయ్యతోనే అతుక్కోలేదు. హాల్లో యాభైమంది మామయ్యా అంటారు, సొంత మేనకోడలు అనదు. ఇంటికొస్తుంది, అత్తయ్యతో కబుర్లు చెబుతుంది, అతనెదురైతే మాత్రం "బాగున్నారా?" అంటుంది, దారినపోయే పెద్దమనిషిని పలకరించినట్టు. ఆ 'మీరు' విన్న పూట మామయ్యకి అన్నం సయించదు. ఎన్నిసార్లు ఏడ్చాడో స్నానాలగదికే తెలుసు.

కార్డులు ముప్పై ఆరయ్యాయి. సంఘం పెద్దలకి విసుగొచ్చిందో, సిగ్గేసిందో, విచారణకి ఒక రిటైర్డ్ జడ్జిగారిని వేశారు. తెల్లజుట్టు, పెద్ద కళ్ళజోడు, తక్కువ మాటల పెద్దావిడ. ఆవిడ వచ్చే ముందురోజు సాయంత్రం సెక్రటరీగారు మామయ్య చేతిలో మెరిసిపోతున్న కొత్త లాకు ఒకటి పెట్టాడు.

"పొద్దున తుడిచేటప్పుడు పైనున్నది తీసేసి ఇది పెట్టెయ్. ఆ పైకి నువ్వు తప్ప ఎవరెక్కుతారు? రేపు లాకు బాగానే ఉందని ఒక్క ముక్క చెప్పు, నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

మర్నాడు పొద్దున స్టూలెక్కాడు మామయ్య. అరిగిన లాకు అంచున నల్లగా ట్యూబు ముక్క కనబడుతోంది. మూడేళ్ళుగా రోజూ చూస్తున్నదే. ఒక్క తిప్పు తిప్పితే ఊడొస్తుంది. చెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. ఆ తర్వాత గుడ్డ తీసుకుని రోజూలాగే శుభ్రంగా తుడిచి దిగాడు.

పదింటికి అందరూ వచ్చారు. మేనకోడలు తల్లి పక్కన కూర్చుంది. బండక్క మిల్లు నుంచి నేరుగా వచ్చి, జుట్టునిండా పిండితో వెనక నిలబడింది. పెద్దావిడ తల పైకెత్తి రాడ్డు చూసి, ఆశ్చర్యపడకుండా కాగితంలో ఏదో రాసుకుంది.

"ప్లేట్లు ఎక్కించేది మీరేనా?"

"నేనేనండి."

"ఆ రోజు లాకు బాగానే ఉందా?"

సెక్రటరీగారు గొంతు సవరించుకున్నాడు. మామయ్య జేబులోంచి కొత్త లాకు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది మార్చమని నిన్న ఇచ్చారండి. మార్చలేదు. అసలుది పైనే ఉంది. మరలు లేవు దానికి. లోపల సైకిల్ ట్యూబు ముక్క ఉంటుంది. చుట్టింది నేను. వీరికి ముందే చెప్పాను, వినలేదు, నేనూ ఊరుకున్నాను. పిల్ల తప్పు ఇసుమంతైనా లేదండి. అబద్ధం సంతకం నాది."

పైన రాడ్డు కిర్రుమంది. ప్లేట్లు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి.

"మామయ్యా, జరుగు" అంటూ వచ్చింది బండక్క. రాడ్డు కింద నిలబడి చేతులు పైకి చాపింది. పట్టుకోగానే బరువంతా ఒక్కసారిగా ఆవిడ మీదికి వచ్చింది. మోకాళ్ళు వంగాయి, మెడ నరాలు ఉబ్బాయి. భుజాల మీదికి, అక్కణ్ణించి నడుము దగ్గరికి, అక్కణ్ణించి నేలమీదికి, పద్ధతి ప్రకారం దించింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి.

"దించానండి" అంది, ఆయాసపడుతూ.

పెద్దావిడ వంగి లాకు తిప్పింది. ట్యూబు ముక్క వేళ్ళకి తగిలింది. దాన్ని ఒక కవరులో వేసుకుని, ఆ సాయంత్రానికే తీర్పు రాసేసింది. పిల్ల మీద మచ్చ లేదు. బండక్క పతకం బండక్కది. సెక్రటరీగారు ఇంటికి వెళ్ళవచ్చు. మామయ్య ఏడాదిపాటు హాలు గడప తొక్కకూడదు. మామయ్య ఆ ఏడాది వంటింటి అలమారాలు సర్దుతూ గడిపాడు. డబ్బాలన్నీ రంగులవారీగా పెడుతుంటే భార్య తల పట్టుకుంది.

ఏడాది నిండిన పొద్దున అయిదున్నరకి వెళ్తే హాలు తలుపు అప్పటికే తీసి ఉంది. లోపల బండక్క, ఇప్పుడు ఆవిడే కోచ్. వేదిక మీద మేనకోడలు, అరచేతులకి తెల్లపొడి రాసుకుని.

"ఏమిటి, ఇంకా ఎత్తలేదే?" అన్నాడు మామయ్య, ఎటు చూడాలో తెలియక.

"ఏడాదిగా తేలిక బరువులే. పెద్దది ఎత్తమంటే ఎత్తదు. వేరేవాళ్ళు బిగిస్తే నమ్మకం లేదట" అంది బండక్క.

మామయ్య డెబ్బై కిలోలు సర్దాడు. కొత్త లాకులు రెండూ బిగించాడు. లాగి చూశాడు. మళ్ళీ బిగించి, మళ్ళీ లాగి చూశాడు. పిల్ల రాడ్డు మీదికి వంగి, తలెత్తకుండానే అడిగింది.

"మామయ్యా, బిగించావా?"

"బిగించానమ్మా" అన్నాడు. రాడ్డు పక్కనుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

పిల్ల ఎత్తింది.