కంటికొలత

టైలరు మాస్టారికి టేపంటే చిన్నచూపు. మెడలో వేలాడుతూ ఉంటుంది గానీ అది అలంకారానికే. మనిషి గడప దాటి లోపలికి వచ్చేలోపు ఛాతీ ఇంత, నడుము ఇంత, ఎడమ భుజం అరంగుళం దిగువ అని కంటితోనే తేల్చేస్తాడు. ఇరవయ్యేళ్ళలో ఒక్క కోటైనా తిరిగి రాలేదని తన డప్పు తనే కొట్టుకుంటాడు. నిజమే, రాలేదు. ఆయన్ని చెడగొట్టింది కూడా అదే.

కొట్టుకి ఎదురుగా, మూతపడిన బ్యాంకు మెట్ల మీద, చలికాలం మొదట్లో ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. చెయ్యి చాపడం కూడా సరిగ్గా రాదు పాపం. చాపినట్టే చాపి మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకునేది. కొట్లో కాజాలూ గుండీలూ చూసుకునే మాస్టారి భార్య రోజూ మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం అన్నం తీసి ఆవిడకి పెట్టి వచ్చేది.

నాలుగు రోజులు చూసి మాస్టారు గయ్యిమన్నాడు.

"ఏమే, నీకు కళ్ళున్నాయా? ఛాతీ నలభై రెండుంది ఆవిడకి! నీకన్నా నాకన్నా పుష్టిగా ఉంది. ఇవాళ ఈవిడకి పెడితే రేపు మెట్ల నిండా తయారవుతారు. అయినా ముష్టి వెయ్యడం కూడా ఒక సాయమేనా? చేస్తే నాలుగు కాలాలు ఉండేది చెయ్యాలి."

"ఆకలి పూటపూటకీ వేస్తుంది కదండీ!"

"చాల్లే, ఊరుకో. నేను ఆవిడకి కోటు కుడతాను."

అంతే, ఆ రోజు నుంచి డబ్బా రోడ్డు దాటలేదు. ఒకసారి భార్య చాటుగా తీసుకెళ్ళబోతే కేకలేసి వెనక్కి పిలిచాడు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళం. బేరాల మధ్య తీరిక చేసుకుని, మంచి ఉన్నిగుడ్డ తీసి, లోపల మెత్తటి అస్తరు వేసి, ఇరవై రోజులు కుట్టాడు. కొలతకోసమని మాటిమాటికీ మెట్లవైపు చూసేవాడు. 'ఇంకెంత, కాస్త ఓపిక పట్టు తల్లీ' అనుకునేవాడు. ఆవిడా ఇటే చూస్తూ ఉండేది.

కోటు అయింది. మాస్టారే రోడ్డు దాటి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వస్తూ వస్తూ ఆవిడ రెండుసార్లు ఆగింది. చలికి కాళ్ళు కొంకర్లు పోయాయనుకున్నాడు. కోటు తొడగమని చెప్పి, భార్యని తోడిచ్చి ఆవిడని తెర వెనక్కి పంపాడు.

తెర కింద ఒక స్వెట్టరు నేలమీద పడటం కనిపించింది. దానిమీద ఇంకోటి. ఎవరో మగవాడి చొక్కా. మళ్ళీ స్వెట్టరు, దుప్పటి ముక్క, తాడుతో చుట్టుకున్న గోనెపట్టా. దాచుకునే చోటు లేక, ఉన్నదంతా ఒంటిమీదే మోస్తోంది మహాతల్లి. లోపల భార్య "అయ్యో, అయ్యో" అంటోంది. ఏనాడూ మొగుడి మీద గొంతెత్తని మనిషి, ఒక్కసారిగా అరిచింది.

"ఆ టేపు ఇలా తగలెయ్యండి!"

ఇచ్చాడు.

"ఛాతీ ఇరవై ఆరు. రాసుకోండి!"

అది బడిపిల్లల యూనిఫారం కొలత. మాస్టారు సుద్దముక్కతో బల్లమీద ఇరవై ఆరు అని రాసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తెర తీసి ముసలమ్మ బయటికి వచ్చింది. కోటు భుజాల మీంచి జారిపోతోంది, చేతివేళ్ళు ఎక్కడున్నాయో కనిపించడం లేదు. ఆవిడ మాత్రం గుండీలు తడుముకుని, "వెచ్చగా ఉంది నాయనా," అంది.

మాస్టారు గబగబా వెళ్ళి తన డబ్బా తెచ్చి, మూత తీసి ముందు పెట్టాడు. ఆవిడ మూడు ముద్దలు తింది. నాలుగోది నోటిదాకా తీసుకెళ్ళి దించేసింది.

"తినమ్మా."

"పోవడం లేదు నాయనా. అలవాటు తప్పింది."

మాస్టారు ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"నేనే తల్లీ. నీ అన్నం ఆపించింది నేనే."

"తెలుసు," అంది ముసలమ్మ. గొంతులో కోపమేమీ లేదు. "నీది పెద్ద గొంతు కదా, మెట్ల దాకా వినపడింది."

"మరి ఇంకో చోటికి పోకుండా ఇన్నాళ్ళూ ఇక్కడే ఎందుకు కూర్చున్నావమ్మా?"

"రోజూ నావంకే చూసేవాడివిగా," అంది. "మనసు మారిందేమో, ఇవాళ పెడతారేమో అనుకున్నాను."