లూసిల్ పర్మిట్

పార్కులో జింకల వేట వద్దని లూసిల్ మూడేళ్లపాటు కౌంటీ సమావేశాల్లో గొంతు చించుకుంది. ఎవరూ వినలేదు. దాంతో ఈ ఏడాది, జింకకొకటి చొప్పున వేట పర్మిట్లు పంచే లాటరీలో తనూ పేరు వేసి, ఒకటి కొట్టేసింది. తను బాణం వేయకుండా కూర్చుంటే తన వాటా జింక బతుకుతుందని ఆమె లెక్క.

వేటగాళ్లకు కేటాయించే మంచెల్లో, పక్కింటి వెర్నన్‌కు ఆమె పక్క మంచే వచ్చింది.

“విల్లు పట్టుకోవడమైనా వచ్చా నీకు?” అన్నాడు.

“గురి పరీక్ష ఒక్కసారికే పాసయ్యాను. నువ్వు రెండోసారికి గట్టెక్కావట కదా!”

నవంబరు పొద్దున, లూసిల్ చెట్టుమీది మంచెలో కాఫీ తాగుతుంటే బలిసిన ఆడజింక ఒకటి వచ్చి కింద నిలబడింది. పార్కు జింక, మనుషులంటే దానికి లెక్కలేదు.

“పోవే, వేట జరుగుతోందిక్కడ! బుద్ధి లేదూ?”

అది ఓసారి తలెత్తి చూసి, మళ్లీ మేయసాగింది. లూసిల్‌కు ఒళ్లు మండి కాఫీ ఫ్లాస్కు విసిరేసింది. జింక బెదిరి, పొదలు దూకి, సరాసరి వెర్నన్ మంచె కిందికి పరుగెత్తింది.

“ఒక్క బాణానికే పడింది, లూసిల్!” అని అటునుంచి కేక వినబడింది. “ఇరవయ్యేళ్లలో నాకింత చక్కగా జింకను తోలిపెట్టినవాళ్లు లేరు!”

లూసిల్ కాసేపు ఏడ్చింది. తర్వాత చర్చిలో చెప్పుకోలేని మాటలన్నీ అతణ్ణి అనేసింది.

వారం తర్వాత వెర్నన్ జింకమాంసం సాసేజీలు పట్టుకొచ్చాడు. ఆమె అతని మొహాన తలుపేస్తే, గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. పారేస్తే ఆ మూగప్రాణి చావు మరీ దండగవుతుందనిపించి, మర్నాడు రెండు ఉల్లిపాయలతో వేయించుకుంది. తిన్నంతసేపూ వెర్నన్‌ను తిట్టింది. ఉప్పు తక్కువైందని ఇంకాస్త తిట్టింది.