అయ్యో అనలేకపోయిన మాస్టారు

విజయనగరంలో తెలుగు లెక్చరరుగా రిటైరైన మోహనకృష్ణ మాస్టారు ‘అయ్యో’ అన్న మాట మీద నలభై పేజీల వ్యాసం రాశారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరెలా వాడతారు, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఇంతవరకూ చివరిదాకా చదివింది తానొక్కరేనని కూడా ఆయనకు తెలుసు.

నెల్లిమర్లలో పాత శిష్యురాలు దుర్గాభవాని తండ్రి పోయాడని కబురొచ్చింది. ఆ తండ్రి జగన్నాథం ముప్పై ఏళ్లు జూట్ మిల్లులో పనిచేసినవాడు. మూడో రోజున మాస్టారు పరామర్శకు ఆటో ఎక్కారు. ఏమనాలా అని దారి పొడుగునా ఆలోచించారు. ‘ప్రగాఢ సానుభూతి’ అంటే పేపరు ప్రకటనలా ఉంటుంది. ‘పాపం’ అంటే ఆ పిల్లను తక్కువ చేసినట్టుంటుంది. వట్టి ‘అయ్యో’ చాలని తేల్చుకునేసరికి ఇల్లు వచ్చేసింది.

దుర్గాభవాని అరుగు మీద గోడకు ఆనుకుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. మాస్టారు ఎదురుగా కూర్చుని నోరు తెరిచారు. మాట రాలేదు. ఆ మాట గురించి ఆయనకు తెలియనిదల్లా దాన్ని అనడమే.

“ఏటి మాస్టారూ, అలగున్నారు?” అందామె.

కంగారులో ఆయనకు చేతనైనదే బయటికొచ్చింది. పాఠం.

“చూడమ్మా, అయ్యో అంటాం కదా. అయ్యకు పిలుపు ‘ఓ’ చేరింది. బాధ కలిగితే మనిషి తండ్రిని కేకేస్తాడన్నమాట. తమిళంలో కూడా...”

తమిళం దాకా వెళ్లాకగానీ తానేం చేస్తున్నదీ తెలిసిరాలేదు.

“మేం నాన్నని అయ్యనే పిలిసేవోళ్లం మాస్టారూ,” అంది దుర్గాభవాని. “అయ్యో... ఓ అయ్యా...” అని భోరుమంది.

లోపలినుంచి మేనత్త కూర్మమ్మ పరుగెత్తుకొచ్చింది. మాస్టారు అప్పటికే లేచి, పారిపోవడానికి చెప్పులు వెతుక్కుంటున్నారు.

“కూకోండి బాబూ. మూడ్రోజులై ఇది ఏడవనేదు, గుండాగిపోతాదేమోనని బయపడతన్నాం. ఏటి సెప్పినారు దానికి?”

“వ్యుత్పత్తి,” అన్నారు మాస్టారు నీరసంగా.

“అదేటో గానీ మంచిదే సెప్పినారు.”

ఏడుపు తెరిపిచ్చాక దుర్గాభవాని తండ్రి కబుర్లు చెప్పింది. మిల్లు నుంచి వస్తే తలలో నార దులుపుకోనిదే పిల్లల్ని దగ్గరికి తీసేవాడు కాదట. “ఆకరి రోజు నా తల దులిపినాడు మాస్టారూ. ఏటీ నేకపోయినా దులిపినాడు.”

మాస్టారు గంటన్నర విన్నారు. అంతసేపు నోరు మూసుకోవడం ఆయనకదే మొదలు.

లేచి, “వెళ్లొస్తానమ్మా,” అన్నారు. చావింట ఆ మాట అనకూడదని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కూర్మమ్మ కళ్లురిమింది.

దుర్గాభవాని కళ్లు తుడుచుకుంది. “మళ్లీ రండి మాస్టారూ,” అంది.