జిరాక్సులే ఇచ్చినానన్న మాట

చిన్నసుబ్బమ్మ ఆ అబద్ధం ఆడి తొమ్మిది రోజులైంది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ మెట్లు దిగుతుంటే కూతురు నాగలత అడిగింది. "జిరాక్సులే ఇచ్చినావు గదమ్మా?"

"జిరాక్సులేలే" అంది.

ఆ కాలేజీ వాళ్లు ఇంటర్ ఫలితాలకు ముందే సొంతంగా పరీక్ష పెట్టి సీట్లిస్తారు. అందులో రెండు దారులు. పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్టు ఒరిజినల్స్ ఇచ్చేస్తే సీటు ఇప్పుడే ఖాయం. ఇక ఎంసెట్ కౌన్సెలింగు మాట మరిచిపోవాల్సిందే. జిరాక్సులిస్తే సీటు జూన్ దాకా ఆపుతారు, ఆ తర్వాత ఉంటే ఉన్నట్టు. నాగలత నెల రోజులు ఆలోచించి రెండోదే మేలనుకుంది. మంచి ర్యాంకు వస్తే పులివెందుల గవర్నమెంటు కాలేజీకి వేముల నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు. రాకపోతే ప్రొద్దుటూరు ఉండనే ఉంది.

ఆ రోజు పిల్ల లోపల పరీక్ష రాస్తుంటే, చిన్నసుబ్బమ్మ ఆఫీసు బల్ల ముందు నిలబడి కాగితాల సంచిలోంచి జిరాక్సులు తీసింది. గుమాస్తా ఖాజా తలెత్తాడు.

"జిరాక్సులేనా అక్కా? పిల్లను చేర్చేదానికొచ్చినావా, ఊరికే బేరమాడిపోయేదానికొచ్చినావా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు.

గొర్రెలు మేపేవాళ్లలో ఒక కట్టుబాటుంది. బేరం కుదిరి వ్యాపారి గొర్రె వీపున రంగు పూసి పోతే, అతను తిరిగి వచ్చేదాకా దాన్ని ఇంకొకరికి చూపించకూడదు. మొగుడు పోయాక పదకొండేళ్లు ఒంటిచేత్తో మందను నడిపిన చిన్నసుబ్బమ్మ ఒక్కసారీ అందులో మాట తప్పలేదు. సీటు ఒకచోట ఆపిపెట్టి ఇంకోచోట వెతుక్కోవడం ఆమెకు అట్లాంటి తప్పుడు పనిగానే తోచింది. దానికి తోడు ఆ నవ్వు. సరిచూసుకోవడానికని తెచ్చిన ఒరిజినల్స్ తీసి బల్ల మీద పెట్టేసింది. పిల్లనొక మాట అడగాలని కూడా తోచలేదు.

ఆ మర్నాటి నుంచి నాగలత ఎంసెట్ పుస్తకం తెరిచిందంటే చాలు, ఆమె ఏదో పనున్నట్టు బయటికి పోయేది. పక్కింటి దిల్షాద్‌బీ వచ్చి తెలియకుండానే ఇంకా పొడిచింది. "మీ పాప చెప్పినట్టే మా ఫాయిజాకు గూడా జిరాక్సులే ఇచ్చినాం. శానా తెలివిగల పిల్లను కన్నావక్కా."

ఇక ఆగలేక, గొర్రెల మందుకని చెప్పి ఒక్కతే ప్రొద్దుటూరు పోయింది.

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటాండా అప్పా. తప్పయింది" అంది.

ఖాజా ఈసారి ఎగతాళి చేయలేదు. "శనివారం దాకా ఇస్తామక్కా. కానీ పాపే వచ్చి అర్జీ రాయల్ల. నీ చేతికియ్యం."

"పాపకు తెల్దప్పా."

"తెల్దా!" అని అతను అవతలి బల్ల వైపు చూశాడు. అక్కడి మనిషి రాయడం ఆపి ఆమెనే చూస్తున్నాడు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి చెప్పేసింది. నాగలత పుస్తకం మూసింది.

"నేను వద్దని చెప్పే పోయినా గదా మా. పోనీ ఇచ్చినావు. ఇచ్చినానని చెప్పేకేం? ఇన్నాళ్లూ నేను సదువుకుంటాంటే సూస్తా ఎట్లుంటివి?"

చిన్నసుబ్బమ్మ వంగి చెప్పులు విప్పుకుంది.

మర్నాడు బస్సులో పక్కన చోటున్నా, పిల్ల పోయి ముందు సీట్లో కూర్చుంది. ఎర్రగుంట్ల దాటినా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆఫీసులో ఖాజా తెల్లకాగితం ఇచ్చాడు. "ఎందుకు వెనక్కి తీసుకుంటాండారో కారణం రాయి పాపా."

"మా అమ్మ నన్నడక్కుండా ఇచ్చిందని రాయి" అంది చిన్నసుబ్బమ్మ. గదిలో అందరికీ వినబడేట్టే అంది.

నాగలత తల ఎత్తలేదు. రాసి, సంతకం చేసి, కాగితం బల్ల మీదుగా జరిపింది. ఖాజా పైకే చదివాడు. "ముందు నేనే సరేనన్నాను. ఇప్పుడు కౌన్సెలింగుకు పోవాలనుకుంటున్నాను."

చిన్నసుబ్బమ్మ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తిట్టినా ఇంత సిగ్గయ్యేది కాదు.